ఖాళీ మేకు

పొద్దున్నే పనికి బయల్దేరే ముందు చిన్నకోడలు చిన్ని, గ్లాసు నిండా నీళ్ళు ముంచుకుంటుంది. రెండు గుక్కలు తాగుతుంది. మిగిలినవి తీసుకెళ్ళి కిటికీలో ఉన్న కుండీలో పోస్తుంది. ఆ ఇంట్లో ఇది రోజూ జరిగేదే. కుండీలో మొక్క మాత్రం దివ్యంగా పెరిగింది.

"ఏమే, ఆ మొక్కకున్నపాటి దాహం నీకు లేదా?" అంది అత్తగారు ఆ రోజు కూడా.

"పనిలో తాగుతాలే అత్తయ్యా."

గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న పెద్దకోడలి చెవిన ఆ మాట పడింది. చిన్ని పనిలో తాగదని ఆమెకు తెలుసు. ఎందుకు తాగదో అంతకంటే బాగా తెలుసు. తెలిసీ ఏమీ ఎరగనట్టు, "పద పద, బస్సు వెళ్ళిపోతుంది" అంది.

ఈ కథంతా కుండీలో పోసిన ఆ నీళ్ళ గురించే. నీళ్ళకో కథా అని తీసిపారేయకండి. ఇప్పుడు మన ఒంటి మీద ఉన్న చొక్కాకీ ఆ నీళ్ళకీ దగ్గర సంబంధం ఉంది.

తోడికోడళ్ళిద్దరూ పనిచేసేది ఒకటే బట్టల ఫ్యాక్టరీలో, ఒకటే లైనులో. చిన్ని చొక్కాలకు కాలర్లు కుడుతుంది. పెద్దకోడలు ఆ లైనుకి సూపర్‌వైజరు. ఇంట్లో ఒక్క చిన్నికే అక్క అయినా, ఫ్యాక్టరీలో తనకంటే పెద్దవాళ్ళు కూడా ఆమెని పెద్దక్క అనే పిలుస్తారు. ఆ పిలుపంటే ఆమెకు ప్రాణం. చిన్ని పెళ్ళై వచ్చిన కొత్తల్లో, "ఇంట్లో కూర్చుని గోడలు లెక్కపెట్టుకుంటావా, నాతో రా. నేనున్నాగా, నీకేం భయం?" అని చెయ్యి పట్టుకుని పనిలో పెట్టించింది కూడా ఆమే. "నేనున్నాగా" అన్న ఆ మాట తర్వాత ఆమెను నిద్రపోనివ్వలేదు.

రేకుల కప్పు కింద పొడుగ్గా సాగే హాలు. వరసగా మిషన్లు. ఒకామె కుట్టిన ముక్క పక్కామె ఒళ్ళోకి, అక్కణ్ణుంచి ఆ పక్కామె ఒళ్ళోకి పోతుంటుంది. మధ్యలో ఒక్కరు లేచినా ముక్కలు గుట్టపడతాయి, వెనకున్నవాళ్ళ చేతులు ఖాళీ అవుతాయి, మేనేజరు అద్దాల గదిలోంచి బయటికొస్తాడు. అతను బయటికి రావడం ఎవరికీ ఇష్టం ఉండదు.

లైను చివర గోడకి ఒక మేకు, ఆ మేకుకి ఎర్రరంగు పూసిన చెక్క బిళ్ళ. బాత్రూంకి వెళ్ళాలంటే ఆ బిళ్ళ తీసుకుని వెళ్ళాలి, వచ్చాక మళ్ళీ తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే ఎవరో వెళ్ళారన్నమాట. వాళ్ళొచ్చేదాకా ఇంకెవరూ లేవకూడదు. లైనంతటికీ బిళ్ళ ఒక్కటే.

ఇదేం దుర్మార్గం, ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందీ ఆలోచన అంటారేమో. పెద్దక్క బుర్రలోనే పుట్టింది. అదీ దుర్మార్గంతో కాదు. అంతకు ముందు అక్కడొక మగ సూపర్‌వైజరు ఉండేవాడు. ఏ ఆడదానికి అవసరమొచ్చినా అందరి ముందూ అతని దగ్గరికి పోయి చెప్పుకోవాలి. అతను నవ్వేవాడు, "ఇందాకేగా వెళ్ళావు" అనేవాడు. పెద్దక్క సూపర్‌వైజరు అయిన కొత్తల్లో, ఈ సిగ్గుమాలిన తంతు ఉండకూడదని, పాత చెక్కపెట్టె ముక్క ఒకటి కోసి, తనే రంగు పూసి, మేకు కొట్టి తగిలించింది. ఎవర్నీ అడగక్కర్లేదు, తీసుకుని వెళ్ళిపోవడమే. ఆ రోజు లైనంతా ఆమెకు దణ్ణం పెట్టినంత పని చేసింది.

మేనేజరుకి కూడా ఆ బిళ్ళ తెగ నచ్చింది. "బాగుంది, ఒకటే ఉంచు" అన్నాడు. తర్వాత, "ఎక్కువసేపు మేకు ఖాళీగా ఉంటే నన్ను పిలు" అన్నాడు. ఆ తర్వాత, బిళ్ళ ఎవరు ఎన్నిసార్లు తీస్తున్నారో కనిపెట్టి ఉండమన్నాడు. అడుగడుక్కీ పెద్దక్క తల ఊపింది. బిళ్ళ అలాగే ఉంది, దాని పని మారిపోయింది. ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేశారు. ఎవరూ మానెయ్యమని చెప్పలేదు.

ఇలా ఉండగా, వాళ్ళు కుట్టే చొక్కాలు అమ్ముకునే పెద్ద కంపెనీకి ఒక ముచ్చట పుట్టింది. ప్రతి చొక్కాకీ ఒక అట్టముక్క వేలాడదీయాలట. దాని మీద కుట్టిన మనిషి ఫోటో, కింద నాలుగు మంచి మాటలు ఉండాలట. కంపెనీ తరఫున ఒక ఆవిడ ఫోటోలు తీసేవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. నెమ్మదస్తురాలు, అందర్నీ మీరు అనే పిలిచేది. హాలంతా కలయదిరిగి, చివరికి చిన్ని దగ్గర ఆగింది. చిన్ని నవ్వితే మొహమంతా నవ్వుతుంది. అది చూసి కెమెరావాళ్ళు పొంగిపోయారు. ఆ మధ్యాహ్నమంతా ఆమెను పక్క గదిలో కూర్చోబెట్టి, కిటికీ వెలుగులో ఇటు తిప్పి అటు తిప్పి ఫోటోలు తీశారు.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే ఇక్కడ హాల్లో మేనేజరు మిషన్లు ఆపించాడు. వారం తిరక్కుండా తనిఖీ ఉంది, ఆ ఆవిడే వచ్చి చూస్తుంది. ఏమడిగితే ఏం చెప్పాలో పెద్దక్క లైనుకి నేర్పాలి. ఆమె నేర్పింది. "తలుపులకి తాళాలు వెయ్యరు. ఓవర్‌టైం మనిష్టం. బాత్రూంకి ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్తాం." చెప్పించి, తప్పులు దిద్ది, మళ్ళీ చెప్పించింది. చివర్న, "ఆ రోజు బిళ్ళ ఉండదు. నేను తీసేస్తాను. మేకు ఖాళీగా ఉందని ఆగకండి, అవసరమైతే నేరుగా వెళ్ళిపోండి" అంది. అందరూ విన్నారు, చిన్ని తప్ప. పక్క గదిలో చిన్ని నవ్వుతూ కూర్చుంది.

ఇంట్లో అక్కే చెబుతుందిలే అని లైనులో ఎవరూ ఆమెకు చెప్పలేదు. మరి ఒకే ఇంట్లో ఉన్న మనిషికి ఆ ముక్క చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? పెద్దక్క చెబుదామనే అనుకుంది. ఇంట్లో అత్తగారి ఎదురుగా చెప్పలేకపోయింది. వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. లైనులో ముప్పై మందికి అబద్ధం నేర్పిన మనిషికి, తన చెయ్యి పట్టుకుని వచ్చిన పిల్లకి ఎదురుగా కూర్చుని నేర్పడానికి మొహం చెల్లలేదు. రేపు చెప్పచ్చులే అని వాయిదా వేస్తూ పోయింది.

తనిఖీ రోజు పొద్దున్న చిన్ని ఒళ్ళు వేడిగా ఉంది.

"అక్కా, రెండ్రోజుల్నుంచీ మంటగా ఉంటోంది. నడుం పీకేస్తోంది. ఇవాళ ఉండిపోనా?"

"ఇవాళ కాకుండా ఎప్పుడైనా ఉండిపో. ఫోటో పిల్లేదీ అని అడుగుతారు. ఈ ఒక్కరోజు ఓర్చుకో, రేపు నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను" అంది పెద్దక్క. బస్సులో చిన్ని ఆమె భుజం మీద తలవాల్చి పడుకుంది. ఇప్పుడన్నా చెప్పాలి అనుకుంది పెద్దక్క. పడుకున్నదాన్ని లేపడమెందుకని సరిపెట్టుకుంది. హాల్లోకి వెళ్తూనే మేకు మీంచి బిళ్ళ తీసి తన సంచిలో, అన్నం డబ్బా పక్కన పడేసింది.

హాలు అద్దంలా తుడిచి ఉంది. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ఎన్నడూ లేనిది నీళ్ళ డబ్బాల మీద బోర్లించిన గ్లాసులు మెరుస్తున్నాయి. కంపెనీ ఆవిడ వచ్చి లైను పక్కన కుర్చీ వేసుకుంది. మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కాసేపటికి చిన్ని లేచింది. గోడ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది. వేళ్ళు ఖాళీ మేకుని తడిమాయి. ఎవరో వెళ్ళినట్టున్నారు అనుకుని వచ్చి మళ్ళీ మిషను ముందు కూర్చుంది.

"ఆమె ఏం వెతుకుతున్నారు?" అని అడిగింది కంపెనీ ఆవిడ.

"కత్తెర తగిలించుకునే మేకండి అది" అంది పెద్దక్క. తడుముకోకుండా అంత చక్కగా అబద్ధం ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. వెళ్ళి చిన్ని చెవిలో ఒక్కమాట చెప్పి రావచ్చు. మేనేజరు కళ్ళు తన మీదే ఉన్నాయి. అదే అర్థం చేసుకుంటుందిలే అనుకుంది. తర్వాత కంపెనీ ఆవిడ బొత్తాల గురించి అడిగింది, ఇస్త్రీ బల్లల గురించి అడిగింది. పెద్దక్క ఆ సమాధానాల్లో పడిపోయింది.

చిన్ని ఇంకోసారి లేచింది. మేకు ఖాళీగానే ఉంది. ఆ తర్వాత ఆమె లేవడం మానేసి, మిషను మీదికి వంగి, చుట్టూ ఎవరు లేస్తున్నారో కూడా చూడకుండా, పళ్ళు బిగించి కాలర్లు కుడుతూ పోయింది. ఎవరికో తనకంటే కష్టంగా ఉండి ఉంటుంది, అందుకే ఇంతసేపు పట్టింది, పాపం అనుకుంది.

సాయంత్రం కంపెనీ ఆవిడ వెళ్ళబోతూ, "ఆ ఫోటో అమ్మాయిని పొద్దుట్నుంచీ చూస్తున్నాను. బయటికే వెళ్ళలేదు. ఎంత శ్రద్ధండీ" అంది.

"మా దగ్గర అందరూ అంతేనండి. ఇష్టపడి చేస్తారు" అన్నాడు మేనేజరు.

అప్పుడు గుర్తొచ్చింది పెద్దక్కకి, చిన్ని సంగతి. చిన్ని వైపు పరిగెత్తినట్టే వెళ్ళి, "వెళ్ళు, వెళ్ళిరా, నేరుగా వెళ్ళు" అంది. "బిళ్ళ వచ్చిందా అక్కా?" అని అడిగి, మిషను పట్టుకుని లేచింది చిన్ని. ఆ సాయంత్రం బస్టాపులో స్తంభం పట్టుకుని అలాగే కిందికి జారిపోయింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది.

ఆస్పత్రిలో పెద్ద వయసు డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, చిన్ని మొగుడైన మరిదినీ, పెద్దక్కనీ పక్కకి పిలిచింది.

"ఈ అమ్మాయి నీళ్ళు తాగదా?"

మరిది వదిన మొహం చూశాడు. వదిన నేల చూసింది.

"చాలాకాలంగా ఆపుకుంటూ వస్తోంది. ఇన్‌ఫెక్షను కిడ్నీలదాకా పాకింది. ప్రాణానికి భయం లేదు. కాకపోతే ఒక కిడ్నీ బాగా దెబ్బతింది, ఎంతవరకు కోలుకుంటుందో ఇప్పుడే చెప్పలేను." డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి వార్డు వైపు చూపించింది. "అటు చూడండి. ఆ చివరావిడా, కిటికీ పక్కావిడా, ఈ అమ్మాయీ, ముగ్గురూ కుట్టుపని వాళ్ళే. వేర్వేరు చోట్ల చేస్తున్నారు. అందరిదీ ఒకటే జబ్బు. నేను మందులిచ్చి పంపిస్తాను, మీరు మళ్ళీ అక్కడికే పంపిస్తారు. ఈ జబ్బు ఆస్పత్రిలో తగ్గేది కాదమ్మా."

ఆవిడ కోప్పడి ఉంటే బాగుండును. మామూలుగా చెప్పేసరికి పెద్దక్కకి తల తీసేసినట్టయింది.

మూడోనాటికి చిన్నికి జ్వరం దిగింది. మధ్యాహ్నం పెద్దక్క పక్కన కూర్చుని గ్లాసులో నీళ్ళు పోసింది. చిన్ని తాగుతూ, "అక్కా, ఒకటడగనా. ఆ రోజు బిళ్ళ ఎవరు తీసుకెళ్ళారు?" అంది.

పెద్దక్క దుప్పటి అంచు సర్దింది.

"ఎవరో గానీ పాపం, రోజంతా రాలేదంటే ఎంత బాధపడిందో. నాలాగే ఎక్కడైనా పడిపోయిందేమో కనుక్కున్నావా?"

పెద్దక్క సంచి ఒళ్ళోనే ఉంది. ఆ రోజు నుంచీ ఆ బిళ్ళ అందులోనే ఉంది. నడిచినప్పుడల్లా అన్నం డబ్బాకి తగిలి టకటకమంటుంది. తీసి అవతల పారెయ్యడానికి చెయ్యి రాలేదు, మళ్ళీ మేకుకి తగిలించడానికీ రాలేదు. ఇప్పుడు తీసి చిన్ని దుప్పటి మీద పెట్టింది.

"నా దగ్గరే ఉందే. తనిఖీ అని దాచిపెట్టాను. అందరికీ చెప్పాను, నీకు చెప్పలేదు. నువ్వు మేకు తడుముతుంటే చూశాను కూడా. కత్తెర మేకు అని చెప్పాను ఆవిడకి."

చిన్ని ఆ చెక్కముక్కని చాలాసేపు చూసింది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. ఏడుస్తోందో లేదో కూడా తెలియలేదు. పక్క మంచం ఆవిడ నీళ్ళడిగితే పెద్దక్క లేచి ఇచ్చి, మళ్ళీ వచ్చి కూర్చుంది. తిట్టినా బాగుండును, నాలుగు వాయించినా బాగుండును అనుకుంది. పాపిష్టిదాన్ని, చేతులారా తెచ్చి పనిలో పెట్టి, చేతులారా ఇక్కడ పడుకోబెట్టాను అని లోలోపల కుళ్ళి కుళ్ళి ఏడ్చింది.

"నన్ను క్షమించమని అడగను" అంది చివరికి.

"నాకు చెప్పి ఏం లాభం అక్కా" అంది చిన్ని ఇటు తిరక్కుండానే. "ఆ బిళ్ళ సంగతి నాకు తెలీనిదా. తెలీనివాళ్ళకి చెప్పు."

ఆ వారంలోనే అట్టముక్కలు అచ్చై కట్టలు కట్టలుగా దిగాయి. వాటిని దారంతో చొక్కాలకు కట్టే పని కూడా పెద్దక్క లైనుదే. ప్రతి కాలరు కింద చిన్ని మొహం నవ్వుతోంది. కింద ఇలా ఉంది: "ఈ చొక్కాని నేను నా ఇష్టంతో, స్వేచ్ఛగా, గౌరవంగా కుట్టాను." చిన్ని ఆ మాట ఎన్నడూ అనలేదు. ఆమెను ఎవరూ అడగనూ లేదు.

కంపెనీ ఆవిడ మళ్ళీ వచ్చింది, ఈసారి సినిమా కెమెరాతో. ఫోటో అమ్మాయితో రెండు మాటలు చెప్పిస్తే జనానికి నమ్మకం కుదురుతుందట. మేనేజరు పెద్దక్కని పక్కకి లాగాడు.

"పుట్టింటికెళ్ళిందని చెప్పు. ఆమె బదులు నువ్వు మాట్లాడు. నీకు చెప్పేదేముంది, అన్నీ నువ్వు నేర్పినవేగా."

నిజమే, అన్నీ తను నేర్పినవే. పెద్దక్క వెళ్ళి కెమెరా ముందు నిలబడింది. ఉద్యోగం పోతే ఇంట్లో ఇద్దరి సంపాదన పోయినట్టే. మరిది ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్నాడు. అత్తగారి మొహం, తన పిల్లల మొహాలు కళ్ళ ముందు తిరిగాయి. వాటన్నిటికీ ముందు, ఖాళీ మేకుని తడిమిన వేళ్ళు కనిపించాయి.

"అమ్మా, ఆ రోజు మీరొకటడిగారు, ఆమె ఏం వెతుకుతోందని. అబద్ధం చెప్పాను" అంది. సంచిలోంచి బిళ్ళ తీసి పైకెత్తింది. "దీని కోసం. ఇది లేకుండా మేమెవరం లేవకూడదు. ఇంతమందికీ ఇది ఒక్కటే. ఇది మీ కంట పడకూడదని దాచింది నేను. తాళాలుండవనీ, ఇష్టం వచ్చినప్పుడు వెళ్తామనీ వీళ్ళందరి చేతా వల్లె వేయించింది నేను. మీ అట్టముక్క మీద నవ్వుతున్న పిల్ల పుట్టింటికి పోలేదు, ఆస్పత్రిలో ఉంది. మా తోడికోడలు. ఆ రోజంతా ఈ చెక్కముక్క వస్తుందని కూర్చుంది. మీరు శ్రద్ధ అన్నారే, అదీ ఇదే."

మేనేజరు, "ఆపండి కెమెరా. ఈవిడకి ఇంట్లో ఏదో గొడవలా ఉంది" అన్నాడు.

కంపెనీ ఆవిడ అతని వైపు చూడలేదు. ఆమె మొహం పాలిపోయింది. బిళ్ళ వైపు చూస్తూ మెల్లగా అంది. "ఆమె రెండోసారి లేవడం కూడా చూశాను. చేతిలో కత్తెర లేకపోవడం కూడా చూశాను. అడగలేదు. అడిగితే ఏదో ఒక జవాబొస్తుంది, వస్తే రాసుకోవాలి. అడక్కపోతే అందరికీ సుఖం కదా అనుకున్నాను."

హాల్లో మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. బొత్తాలు కుట్టే ముసలావిడ లేచింది. మేకు వైపు చూడలేదు, మేనేజరు వైపూ చూడలేదు. చీర కొంగు దులుపుకుని, నెమ్మదిగా నడుచుకుంటూ బాత్రూం వైపు వెళ్ళిపోయింది. ఆవిడ తిరిగి రాకముందే ఇంకొకామె లేచింది.

అంతటితో లోకం మారిపోయిందని చెబితే అది కూడా ఆ అట్టముక్క మీది మాటలాంటిదే అవుతుంది. ఆ లైనులో మేకు పీకేశారు. మిగతా లైన్లలో ఏం చేశారో చూసి చెప్పడానికి పెద్దక్క అక్కడ లేదు, మర్నాడే ఆమెను పొమ్మన్నారు. ఇప్పుడు ఒక చిన్న దర్జీ కొట్లో కుడుతోంది. సెలవు రోజుల్లో ఫ్యాక్టరీ ఆడవాళ్ళు వాళ్ళింటికొచ్చి కూర్చుంటారు. అందరం కలిసి సంఘం పెట్టుకుందామని మాట్లాడుకుంటున్నారు. కంపెనీ ఆవిడ ఉన్నదున్నట్టు రాసి పంపిందని విన్నారు. దానిమీద ఏం జరిగిందో ఇంతవరకు వీళ్ళకి తెలియలేదు. అట్టముక్కలు కట్టిన చొక్కాలు మాత్రం అప్పటికే ఓడెక్కేశాయి. ఏ దేశంలోనో, ఏ అద్దాల కొట్లోనో చిన్ని ఇంకా నవ్వుతూ వేలాడుతూనే ఉంటుంది.

చిన్ని ఇంటికొచ్చింది. బరువులెత్తకూడదు, మందులు మానకూడదు. పెద్దక్కతో మాట్లాడుతుంది గానీ మునుపటిలా భుజం మీద తలవాల్చదు. పెద్దక్క అది అడగదు. పొద్దున్నే గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి చేతికిచ్చి, ఆఖరి చుక్కదాకా తాగేవరకు ఎదురుగా నిలబడుతుంది. అలా నిలబడ్డంతసేపూ తలెత్తి చిన్ని మొహం చూడలేకపోతుంది. కిటికీలో మొక్కకి అత్తగారు వేరే నీళ్ళు పోస్తోంది.

ఒకరోజు మరిది బజార్లో కొత్త చొక్కా కొనుక్కొచ్చాడు. దానికీ ఏదో కంపెనీ అట్టముక్క ఉంది, ఎవరో ఒకామె నవ్వుతోంది, కింద మంచి మాటలున్నాయి. అతను దాన్ని చదివి మురిసిపోబోతుంటే, చిన్ని ఆ అట్టముక్కని చేతిలోకి తీసుకుని ఆ నవ్వుని చాలాసేపు చూసింది.

"అమ్మినవాణ్ణి అడిగావా?" అంది.

"ఏమని?"

"ఈమె నీళ్ళు తాగిందా అని."

మనలో ఎవరం అడగలేదు. కొన్నాం, చదివాం, బాగుందనుకున్నాం, తొడుక్కున్నాం. దాచినవాళ్ళది ఎంత తప్పో, చూసీ అడగనివాళ్ళదీ అంతే తప్పు. మన బట్టలు కుట్టే మనిషి ఎవరి అనుమతీ అడక్కుండా తన కుర్చీలోంచి లేవగలగాలంటే, ఆమె తరఫున మనం అడిగి తీరాలి.